ఘాటు వస్తుందా, రాదా

మా ఆయన మా అమ్మాయిని మొదటిసారి కొట్టింది గుంటూరులో ఒక క్లినిక్ మెట్ల మీద. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. ఆయన ఒక చేతిలో మడత పెట్టిన రిపోర్టు ఉంది, ఇంకో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చెయ్యే లేచింది. దెబ్బకి పిల్ల మెట్టు జారి నా మోకాళ్లకి గుద్దుకుంది. పైకి వస్తున్న ఎవరో పెద్దాయన "అయ్యో, చిన్నపిల్లండీ" అన్నాడు. "మీ పని మీరు చూసుకోండి" అని అరిచాడు మా ఆయన. పిల్ల చెంప మీద వేళ్ల అచ్చులు ఎర్రగా తేలాయి. అయినా అది ఏడవలేదు. ఎందుకు కొట్టాడో తెలిస్తే కదా ఏడవడానికి.

ఆయన కొట్టింది ఒక అంకె కోసం. పిల్లకి నూట తొమ్మిది వచ్చింది. స్కూలువాళ్లు అడిగింది నూట ముప్పై.

ఊరి బయట, పొగాకు గోడౌన్లు దాటాక ఉంది ఆ స్కూలు. అందులో గిఫ్టెడ్ బ్యాచ్ అని ఒకటి పెట్టారు. ఆ పిల్లలకి వేరే గదులు, వేరే టీచర్లు, మెడలో వేరే రంగు కార్డు. అందులో చేరాలంటే పుట్టుకతోనే తెలివి ఎక్కువని రుజువు చూపించాలి. ఆ రుజువు స్కూలు చెయ్యదు. బయట ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర ఐక్యూ టెస్టు చేయించి రిపోర్టు తెస్తే చాలు. ఎవరి దగ్గర చేయించారని అడగరు, ఎన్నోసారని అడగరు. "స్టాంపు, సంతకం ఉంటే మాకు ఓకే మేడం" అంది అడ్మిషన్ల దగ్గర కూర్చున్న అమ్మాయి.

మా ఆయనకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. సరుకు చూడటంలో ఆయన్ని మించినవాడు లేడని చెప్పుకుంటారు. రైతు బస్తా మూతి విప్పి పైనున్న పిడికెడు కాయలు తీసి మచ్చు చూపిస్తే మా ఆయన వాటివంక కూడా చూడడు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా బస్తాలోకి దూర్చి అడుగు నుంచి లాగుతాడు. అడుగున రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు తగిలాయా, ఇక అంతే. ఒకసారి నేను భోజనం క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి మా ఆయన ఒక రైతు కాలరు పట్టుకుని లాగుతున్నాడు. బస్తాని హమాలీ కొక్కెంతో చీల్చి కాయలన్నీ నేల మీద పోయించాడు. "ఎవుడికి చూపిస్తున్నావురా మచ్చు? నాకా?" అంటూ ఆ మనిషిని ఆ కాయల మీదికే తోశాడు. యార్డంతా తుమ్ములు. ఎవరూ అడ్డం వెళ్లలేదు. ఆ రైతు లేచి పంచె దులుపుకుని వంగి కాయలు ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. నేను క్యారియర్ అక్కడే పెట్టేసి వచ్చేశాను.

అలాంటి మనిషి కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒక పూట చూసి ఇచ్చిన పిడికెడు మచ్చుని కళ్లకద్దుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి సైకాలజిస్టు మేడం చెడ్డమనిషేం కాదు. మెల్లగా మాట్లాడింది, పిల్లకి చాక్లెట్ ఇచ్చింది. పిల్ల కొత్తచోట నన్ను వదిలి ఉండదని తలుపు కొంచెం తెరిచి ఉంచింది. నేను బయట కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాను. రంగు చెక్కలు పేర్చమంది, బొమ్మల్లో ఏది లోపించిందో చెప్పమంది, అంకెలు వెనక నుంచి చెప్పమంది. పిల్ల ఉత్సాహంగానే చేస్తోంది. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

"పక్కింట్లోంచి పొగ వస్తోందనుకో. నువ్వేం చేస్తావు?"

"ఘాటు వస్తుందా, రాదా ఆంటీ?" అంది మా అమ్మాయి.

మేడం మళ్లీ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగింది. పిల్ల విసుక్కుంది. "ఘాటు వస్తుందో రాదో చెప్పాలి కదా ఆంటీ. వస్తే ఎవరికో దిష్టి తీస్తున్నట్టు. మనం వెళ్తే దగ్గొస్తుంది. రాకపోతే ఏదైనా అంటుకుందేమో వెళ్లి చూడాలి."

నేను బయట కూర్చుని నవ్వుకున్నాను. మా ఇంట్లో అది రోజూ చూసేదే. మా అత్తగారికి దిష్టి మీద ఉన్నంత గురి దేవుడి మీద కూడా లేదు. పిల్ల కాస్త అన్నం మానేసినా, కొత్త గౌను వేసుకున్నా, గుప్పెడు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తుంది. ఘాటు రాలేదంటే దిష్టి బాగా తగిలిందని లెక్క. వచ్చిందంటే ఏం లేదని లెక్క. అందుకే మా వీధిలో పొగ కనబడగానే పిల్లలు కూడా ముక్కు పైకెత్తి ముందు వాసన చూస్తారు.

రిపోర్టు వివరించేటప్పుడు మేడం అంది, "పాప చురుకైనదేనండీ. కానీ ప్రమాదాన్ని గుర్తించే జ్ఞానం తక్కువగా ఉంది. ఆ విభాగంలో మార్కులు పోయాయి." నేను ఊరుకోలేదు. "మీ ఇంట్లో దిష్టి తీయరా మేడం?" అని అడిగాను. ఆవిడ నవ్వింది. "తీస్తామండీ. కానీ మాన్యువల్లో ఆ జవాబు లేదు. లేనిదానికి నేను మార్కు ఇవ్వకూడదు." ఇంకో మాట కూడా చెప్పింది. ఈ అంకె ఒక్కరోజు చూసి వేసిన అంచనా మాత్రమేనని, పిల్ల జాతకం కాదని. ఆ మాట మా ఆయన చెవికి ఎక్కలేదు. అప్పటికే కుర్చీలోంచి లేచి మెట్ల వైపు నడుస్తున్నాడు.

ఆయనకి ఆ అంకె అంత ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆయన పదో తరగతి దగ్గరే ఆగిపోయాడు. మొద్దువెధవ అని పిలిచి, బెంచీ ఎక్కించి, పిక్కల మీద బెత్తం విరిగేదాకా కొట్టిన మాస్టారి గురించి తాగినప్పుడల్లా చెబుతాడు. ఆ దెబ్బలకి ఇన్నేళ్ల తర్వాత ఎవరో జవాబు చెప్పాలి. ఆ జవాబు మా అమ్మాయి ద్వారా, స్టాంపు వేసిన కాగితం మీద రావాలనుకున్నాడు. అది తెలిసి జాలి పడిన రోజులూ ఉన్నాయి. పిల్ల చేతులు చూశాక ఆ జాలి చచ్చిపోయింది.

ఎందుకంటే మొదటి రిపోర్టు చింపి చెత్తబుట్టలో వేశాక ఆయన విజయవాడలో ఇంకో సైకాలజిస్టుని పట్టుకున్నాడు. అక్కడ టెస్టుకి ముందు ప్రిపరేషన్ కూడా వాళ్లే ఇస్తారు. పరీక్షలో వచ్చేలాంటి చెక్కల డబ్బా, ప్రశ్నలు, వాటికి సరైన జవాబులు. ఇంట్లో చదివించుకోమని చేతికిచ్చి పంపారు. పుట్టుకతో వచ్చిన తెలివిని కొలిచే పరీక్షకి ట్యూషనేంటని నేను అడిగితే మా ఆయన గ్లాసు విసిరి గోడకి కొట్టాడు.

యార్డు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా పిల్లని కూర్చోబెట్టేవాడు. చేతిలో చెక్క స్కేలు. ముందే అరచేతులు చాపి ఉంచాలి. ఆయన ప్రశ్న అడుగుతాడు, జవాబు తప్పితే దెబ్బ, తడుముకుంటే దెబ్బ.

"పొగ వస్తే?"

"ఘాటు..."

దెబ్బ.

"పొగ వస్తే ఏం చేస్తావే?"

"పెద్దవాళ్లని పిలుస్తాను."

"ఇంకా?"

"ఫైరింజనుకి ఫోన్... ఫోన్ చేస్తాను."

"ఇంకా ఏందే? నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"లోపలికి వెళ్లను."

ఆ మూడు ముక్కలు వరసలో, గబగబా, తడబడకుండా వచ్చేదాకా కొట్టాడు. వచ్చాక కూడా మర్చిపోకూడదని కొట్టాడు. పిల్ల అరచేతులు వాచి, బడిలో పెన్సిల్ పట్టుకోలేకపోయింది. పక్క తడపడం మొదలుపెట్టింది. అన్నం నేను కలిపి పెట్టాల్సి వచ్చేది, వేళ్లు మడవలేక.

నేను చూస్తూ కూర్చున్నానని అనుకోకండి. ఆ స్కేలు లాక్కుని మురిక్కాలవలో పారేశాను. మర్నాడు కొత్తది తెచ్చాడు. దాన్ని పట్టుకుని లాగితే నన్ను బీరువా మీదికి నెట్టాడు. పెదవి చిట్లింది. ఆయన మణికట్టు నోటికి అందితే రక్తం వచ్చేదాకా కొరికాను. మా అత్తగారు జుట్టు పట్టుకుని నన్ను వెనక్కి లాగింది. "మగాడు పిల్ల బాగు కోసం పాటుపడుతుంటే అడ్డం పడతావేందే? వాడు మాత్రం దెబ్బలు తినకుండా పెరిగాడా?" అంది. పక్కవాటా వాళ్లు వినబడకుండా టీవీ సౌండు పెంచుకున్నారు.

విజయవాడ టెస్టుకి నన్ను రానివ్వలేదు. సాయంత్రం కారు ఆగగానే మా ఆయన పిల్లని భుజాల మీద ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. నూట ముప్పై ఎనిమిది. మనిషి భోరున ఏడుస్తున్నాడు, పిల్ల పాదాలు పట్టుకుని ముద్దులు పెడుతున్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను మా పెళ్లిలో కూడా చూడలేదు. పైనున్న పిల్ల మాత్రం రెండు చేతులూ పిడికిళ్లు బిగించి, గుండెకి హత్తుకుని కూర్చుంది.

నేను ఆ విజయవాడ సైకాలజిస్టుకి ఫోన్ చేశాను. మొన్నటికి మొన్న నూట తొమ్మిది వచ్చిన పిల్లకి ఇంతలో ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని అడిగాను. "సరైన వాతావరణం దొరికితే పిల్లలు వికసిస్తారమ్మా" అన్నాడు. ఇది ఏ వాతావరణమో వచ్చి చూడండి అన్నాను. ఇంకో పేరెంట్ లైన్లో ఉన్నారని పెట్టేశాడు. స్కూలువాళ్లు ఆ రిపోర్టు చూసి పిల్లకి షేక్‌హ్యాండిచ్చారట. చెయ్యి ఇవ్వడానికి అది కాస్త వెనకాడిందట. "సిగ్గరి" అన్నారట.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. యార్డులోని తోటి వ్యాపారులు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు. గేటు మీద ఫ్లెక్సీ కట్టించాడు. పట్టు పరికిణీలో పిల్ల ఫొటో, పక్కనే ఆ అంకె పిల్ల మొహం కంటే పెద్దగా. వచ్చినవాళ్లంతా దాని కింద నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. బిర్యానీ వడ్డిస్తున్నంతసేపూ మా ఆయన ప్రతి విస్తరి దగ్గరా ఆగి అదే మాట. "పుట్టుకతోనే వచ్చిందంట బావా. నూటికో కోటికో ఒక్కళ్లకంట. సైకాలజిస్టే చెప్పాడు."

భోజనాలయ్యాక మా అత్తగారు లేచింది. "అందరి కళ్లూ దీనిమీదే" అంటూ పిల్లని హాలు మధ్యలో నిలబెట్టింది. ఇనప మూకుడులో నిప్పులు తెప్పించింది. మిరపకాయలు, ఉప్పు తల చుట్టూ తిప్పి అందులో పడేసింది. పొగ గుప్పుమంది. ఘాటుకి అందరూ ఒక్కసారే దగ్గడం, నవ్వడం, కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం. "ఘాటొచ్చిందిలే వదినా, దిష్టేం లేదు" అంది ఒకావిడ.

పిల్ల నవ్వలేదు. పొగ వంక చూసింది. మెల్లగా నడుచుకుంటూ సోఫాలో కూర్చున్న వాళ్ల నాన్న ముందుకి వెళ్లి నిలబడింది. రెండు అరచేతులూ చాపింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"పెద్దవాళ్లని పిలుస్తాను. ఫైరింజనుకి ఫోన్ చేస్తాను. లోపలికి వెళ్లను."

ఎవరో చప్పట్లు కొట్టారు. "ఎంత చురుకురా" అన్నారు. నాన్న చాలు అనలేదు కదా, తప్పు చెప్పానేమో అనుకుంది పిల్ల. మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఇంకా గబగబా. చాలనేదాకా ఆగకూడదని నేర్పారు కాబట్టి మూడోసారి కూడా మొదలుపెట్టింది. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. వాచి, కమిలి, పసుపు రంగుకి తిరిగిన ఆ అరచేతులు హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ కనబడ్డాయి. ఒకావిడ తన కొడుకుని దగ్గరికి లాక్కుంది.

మా ఆయన పిల్ల చేతులు కిందికి నొక్కాడు. అవి మళ్లీ లేచాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచాయి. "పరువు తీస్తావేందే" అంటూ చెంప మీద ఒక్కటిచ్చాడు. పిల్ల పక్కకి పడింది. పరికిణీ అంచు మూకుడుకి తగిలి నిప్పులు నేల మీద చెదిరాయి.

స్కేలు టీవీ పక్కనే ఉంది. తీశాను. మొదటి దెబ్బ ఆయన చెవి మీద పడింది, రెండోది ముక్కు మీద. తర్వాత ఎక్కడ పడిందో చూడలేదు. స్కేలు విరిగింది. విరిగిన ముక్కతో పొడిచాను. "చెయ్యి చాపు, చెయ్యి చాపవయ్యా" అని నేను అరుస్తున్నానట, తర్వాత చెప్పారు. ఆయన నా జుట్టు చుట్టచుట్టి నా తలని గుమ్మానికేసి కొట్టాడు. కంట్లోకి రక్తం దిగింది. అది నన్ను ఆపలేదు. చేతికందింది మూకుడు. అంచు కాలుతున్నా పట్టుకుని ఆయన మోకాలి మీద కొట్టాను. మనిషి కూలబడ్డాడు. వచ్చిన మగవాళ్లంతా అప్పుడు లేచారు, నన్ను పట్టుకోవడానికి. ఆయన్ని కొట్టినందుకు నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. మూకుడు పట్టుకున్న చేతి మీద కాలిన మచ్చ ఉంది, దాన్ని దాచుకోను కూడా.

గేటు దాటేటప్పుడు ఫ్లెక్సీని మధ్యకి చింపాను. తలకి చున్నీ కట్టుకుని, పిల్లని చంకనేసుకుని మా అమ్మగారి ఊరికి బస్సెక్కాను. దారిలో సత్తెనపల్లి ఆసుపత్రిలో నాకు కుట్లు వేశారు. నర్సు పిల్ల చేతులు చూసి "ఎవరమ్మా కొట్టింది?" అని అడిగింది. పిల్ల నా వంక చూసి, సరైన జవాబు ఏదో తెలియక, ఊరుకుంది.

అప్పటి నుంచి మా అమ్మగారి ఊళ్లో ఉంటున్నాం. మా ఆయన పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. "నూట ముప్పై ఎనిమిది వచ్చిన పిల్లని తీసుకొచ్చి పత్తిచేలో పడేసింది" అని పంచాయితీలో చెప్పాడు. నిజంగా అదే ఆయన బాధ. నా కుట్లు కాదు, దాని చేతులు కాదు.

"నూట తొమ్మిది వచ్చింది కూడా ఈ పిల్లకే" అన్నాను. "రెండిటికీ స్టాంపుంది, రెండిటికీ సంతకముంది. మీరు ఏ మచ్చు చూసి కొన్నారో చెప్పండి. యార్డులో బస్తా అడుగుదాకా చెయ్యి పెడతారు కదా, దీని మనసులోకి ఒక్కసారైనా పెట్టారా?"

పెద్దమనుషుల్లో మిరప వేసే రైతులే ఎక్కువ. ఒకాయన కిందికి చూస్తూ "ఆయన చెయ్యి సంగతి మాకూ తెలుసులేమ్మా" అన్నాడు. మా ఆయన కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు. పిల్లని కొట్టినందుకు నేను పెట్టిన కేసు నడుస్తోంది. స్కూలు వాళ్ల మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి, సీటు అలాగే ఉందని.

ఇక్కడి బడిలో మా అమ్మాయి చాలాకాలం టీచర్ ఏం అడిగినా ముందు చేతులు చాపేది. ఆ టీచరమ్మ దానికి అలవాటుపడి, చాపిన చేతిలో ఒక చింతగింజో, సుద్దముక్కో పెట్టేది. పిల్ల ప్రశ్నలు అడగడం మాత్రం పూర్తిగా మానేసింది. అంతకుముందు నా బుర్ర తినేసేది. ఎందుకు, ఎట్టా, అయితే ఏంటి అని. ఇప్పుడు ఏదైనా చెబితే సరే అంటుంది. నాకు దాని అంకె ఎంతైనా అక్కర్లేదు, ఆ ప్రశ్నలు తిరిగి వస్తే చాలని ఎదురుచూశాను. అవి రాకపోతే ఆ మనిషిని చంపినా నా కడుపుమంట చల్లారదనిపించేది.

మొన్న కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. మా అమ్మ తాలు ఏరుతోంది, నేను టార్పాలిన్ పట్టాలు సర్దుతున్నాను. పిల్ల పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. గోడ అవతల పక్కింట్లోంచి పొగ లేచింది. పిల్ల పెన్సిల్ ఆగిపోయింది. పొగ వంక చూసింది, నా వంక చూసింది. ఇప్పుడు ఆ మూడు ముక్కలు వస్తాయి, చేతులు చాపుతుంది అనుకున్నాను. పట్టా వదిలేసి దాని వైపు అడుగు వేశాను.

అది లేచి గోడ దగ్గరికి వెళ్లింది. మడమలు ఎత్తి, ముక్కు పైకెత్తి, చాలాసేపు వాసన చూసింది.

"అమ్మా," అంది చాలా చిన్నగా, "ఘాటు వస్తుందా?"

"నువ్వే చూసి చెప్పు తల్లీ."

"వస్తోంది. దిష్టి తీస్తున్నారు. ఏం కాదు."

"కరెక్టే" అన్నాను. దగ్గరికి తీసుకుందామని వెళ్లాను. అది నా వైపు తిరిగి నవ్వుతూ నిలబడింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుని ఉంది.